సర్వర్ల సరంగు

మా సర్వర్లకు నదుల పేర్లుండేవి. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, మంజీర, పెన్న. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఎవరో పెట్టేశారు. గోదావరి మీద డేటాబేస్, కృష్ణ మీద వెబ్‌సైటు, మంజీర మీద నెలాఖరు బిల్లులు తీసే ప్రోగ్రామ్ నడిచేవి. ఏది ఎక్కడుందో రాసిన కాగితం ఒకటి గోడకు అతికించి ఉండేది గానీ, అతికించిన మర్నాటికే అది పాతబడింది. అసలు చిట్టా మా సీనియర్ ఒకాయన బుర్రలో ఉండేది. ఆయన సెలవులో ఉన్న వారమే, నెలాఖరు రాత్రి రెండున్నరకు, మంజీర ఆగిపోయింది.

హైదరాబాద్‌లో ఆ నైట్ షిఫ్టులో నేనొక్కణ్నే ఉన్నాను. డిస్కు పోయింది, అది తేలడానికే అరగంట పట్టింది. బిల్లుల ప్రోగ్రామ్‌ను ఇంకో సర్వర్ మీద లేపుదామంటే పెన్న ఖాళీగానే ఉంది కానీ, అందులో జావా పాత వెర్షన్. కృష్ణలో సరైన జావా ఉంది, మెమరీ లేదు. తుంగభద్రలో రెండూ ఉన్నాయి, ప్రోగ్రామ్ వెతుక్కునే ఫోల్డర్లు మాత్రం లేవు. ఒక్కొక్కటే సర్దుకుంటూ వస్తే తెల్లారి ఆరున్నరకు మొదటి బిల్లు బయటికొచ్చింది. పొద్దున బస్సులో ఇంటికి వెళ్తుంటే ఒకే ప్రశ్న తొలిచేసింది. బిల్లులు తీయడం ముఖ్యం. అవి మంజీర మీదే తీయాలన్న పట్టు ఎక్కణ్నుంచి వచ్చింది?

సరిగ్గా ఆ ప్రశ్నకు అప్పటికే ఒక చోట సమాధానం దొరికిందనీ, పది పన్నెండేళ్లుగా అది ఆ సంస్థ గోడల మధ్యే ఉండిపోయిందనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

ఆ చోటు గూగుల్. 2003, 2004 నాటికి వాళ్లు ఖరీదైన పెద్ద సర్వర్ల జోలికి పోకుండా, చవకవాటినే వేల సంఖ్యలో పేర్చుకుంటూ పోతున్నారు. అలాంటి చోట లెక్క మారిపోతుంది. ఒక్కో యంత్రం సగటున మూడేళ్లకోసారి పాడవుతుందనుకోండి. ఐదు యంత్రాలున్న మాబోటివాళ్లకు అదొక దుర్దినం. పదివేలు ఉన్నవాళ్లకు రోజుకు తొమ్మిది పోతాయి. పోయిన ప్రతిదానికీ ఒక మనిషిని నిద్రలేపడం కుదిరే పని కాదు. అప్పటికి గూగుల్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన సేవలను చూసుకోవడానికి బేబీసిటర్ అనే వ్యవస్థ, మొదలై ముగిసిపోయే లెక్కల పనులకు గ్లోబల్ వర్క్ క్యూ అనే వ్యవస్థ విడివిడిగా ఉండేవి. రెండింటి పనినీ ఒక్కచోటికి తెచ్చిన కొత్త వ్యవస్థకు బోర్గ్ అని పేరు పెట్టారు.

బోర్గ్‌లో ఇంజనీరు చేసే పని ఒక్కటే, తనకేం కావాలో రాసివ్వడం. ఫలానా ప్రోగ్రామ్, ఇన్ని ప్రతులు, ఒక్కోదానికి ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ. ఏ యంత్రం మీద అన్నది అతను రాయడు. బోర్గ్ పరిభాషలో ఒక 'సెల్' అంటే కలిసి పనిచేసే యంత్రాల సమూహం. మధ్యస్థంగా పదివేల యంత్రాలు. ఒక్కో సెల్‌కు బోర్గ్‌మాస్టర్ అనే పెద్ద. ప్రతి యంత్రం మీదా బోర్గ్‌లెట్ అనే చిన్న ప్రోగ్రామ్. పెద్ద కొన్ని సెకన్లకోసారి ప్రతి బోర్గ్‌లెట్‌నూ పలకరిస్తూ ఉంటుంది. కొన్నిసార్లు వరసగా పలకకపోతే ఆ యంత్రం పోయినట్టు లెక్క. దాని మీద పనులన్నీ మరో చోట మొదలవుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. పెద్దే పడిపోయిందనుకోండి, బోర్గ్‌లెట్లు కంగారు పడవు. అప్పటికి అప్పజెప్పిన పనులను నడిపిస్తూనే ఉంటాయి. కొత్త పనులు ఆగుతాయి తప్ప, నడుస్తున్నవి ఆగవు.

ఏ పని ఏ యంత్రానికి? అసలు తెలివంతా ఇక్కడుంది. పెళ్లివారి విడిదిలో గదులు కేటాయించే పెద్దమనిషిని గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన మొదట సరిపడని గదులు తీసేస్తాడు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యకు కింది అంతస్తే కావాలి, ఎనిమిదిమంది కుటుంబానికి ముగ్గురి గది పనికిరాదు. మిగిలిన వాటిలో ఏది మేలో చూసి తాళం చేతిలో పెడతాడు. బోర్గ్ షెడ్యూలర్‌దీ రెండు దశలే: ముందు ఏ యంత్రాలు సరిపోతాయో ఏరడం, తర్వాత వాటికి మార్కులు వేయడం.

మార్కులు వేయడంలోనే పేచీ. వచ్చినవాళ్లను వచ్చినట్టు గదికి ఇద్దరు చొప్పున సర్దేస్తే, రాత్రి పదింటికి ఎనిమిదిమంది దిగినప్పుడు విడిదిలో ఇరవై చోట్లు ఖాళీగా ఉన్నా, ఎనిమిదిమందికి చాలిన గది ఒక్కటీ ఉండదు. సర్వర్ల మీదా ఇదే జరుగుతుంది. ఒక యంత్రంలో మెమరీ నిండిపోయి ప్రాసెసర్ గోళ్లు గిల్లుకుంటూ ఉంటుంది, పక్కదానిలో తలకిందులు. అలాగని అన్నీ ఒక్కచోట కుక్కితే, ఒకే సేవ తాలూకు ప్రతులన్నీ యంత్రాలు పేర్చే ఒకే బీరువాలో, అంటే ఒకే రాక్‌లో చేరి, ఆ రాక్‌కు కరెంటు పోయిన క్షణాన సేవ మొత్తం పోతుంది. కుక్కాలి, చెదరగొట్టాలి, రెండూ కావాలి. పైగా పదిమందిమి వస్తామని గదులు పట్టించుకుని ఆరుగురు వచ్చే చుట్టాల్లాగే, ఇంజనీర్లు కూడా అవసరానికి మించి అడుగుతారు. బోర్గ్ ఆ మిగులును గమనిస్తుంది. ఖాళీ మంచాల మీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు, తొందర లేని పనులను అందులో పెడుతుంది. అసలు హక్కుదారుకు చోటు అవసరమైతే పిల్లలు లేచి వరండాలోకి వెళ్లాల్సిందే. వియ్యాలవారు దిగితే మనవాళ్లు గది ఖాళీ చేసినట్టు, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని వస్తే తక్కువదాన్ని దించేసే అధికారం కూడా షెడ్యూలర్‌కు ఉంది.

ఇది వట్టి సర్దుబాటు కాదని చెప్పే అంకెలు 2015లో బయటికొచ్చాయి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో జరిగిన యూరోసిస్ సదస్సులో అభిషేక్ వర్మ, జాన్ విల్క్స్ తదితర గూగుల్ ఇంజనీర్లు బోర్గ్ గురించి మొదటిసారి పూర్తి పత్రం సమర్పించారు. అలా మిగులులో నడిచే పనులే మొత్తంలో దాదాపు 20 శాతమట. వినియోగదారులకు నేరుగా సేవలందించే పనులనూ, తీరుబడి పనులనూ వేర్వేరు యంత్రాల మీద విడగొడితే 20 నుంచి 30 శాతం ఎక్కువ యంత్రాలు కొనాల్సి వచ్చేదట. ఇంకో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక సెల్‌లోని పనులన్నిటినీ మొదటినుంచీ సర్దడానికి షెడ్యూలర్‌కు కొన్ని వందల సెకన్లు పడుతుంది. దానికి నేర్పిన చిట్కాలు తీసేసి అదే పని చెబితే, మూడు రోజులు దాటినా ముగియలేదు. ఆ చిట్కాలు చూస్తే మన పెద్దమనిషివే అనిపిస్తాయి. ఒకే రకం అతిథులకు లెక్క ఒక్కసారే వేయడం, నిన్న వేసిన మార్కులు మారనంతవరకు మళ్లీ వేయకపోవడం, గదులన్నీ తిరక్కుండా అక్కడక్కడా చూసి చాలినన్ని దొరకగానే అందులో మంచిది ఎంచుకోవడం.

ఇన్ని పనులు ఒకే యంత్రం మీద ఉంటే ఒకటి ఇంకోదాని కంచంలో చెయ్యి పెట్టకుండా గోడలు కావాలి. ఆ గోడలు కూడా ఎక్కువగా ఈ అవసరంలోంచే పుట్టాయి. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ లినక్స్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌ల గుంపుకు ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ అని హద్దు గీసే పని మొదలుపెట్టారు. సీగ్రూప్స్ అనే పేరుతో అది 2008 జనవరిలో లినక్స్ కెర్నల్ 2.6.24లో చేరి అందరిదీ అయింది.

గోడలు అందరికీ దొరికాయి గానీ, వాడుకోవడం అందరికీ రాలేదు. 2013 మార్చిలో అమెరికాలోని శాంటాక్లారాలో జరిగిన పైకాన్ సభలో సాలమన్ హైక్స్ అనే యువకుడు ఐదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించాడు. ప్రోగ్రామ్‌ను, దానికి కావలసిన జావానో పైథానో, దాని ఫోల్డర్లను, అన్నీ ఒకే మూటగా కట్టి, ఏ లినక్స్ యంత్రం మీదైనా ఆ మూట విప్పగానే అదే రకంగా నడిచేలా చేశాడు. ఆ మూటే కంటైనర్. నా మంజీర రాత్రికి సగం మందు అదే. పెన్నలో ఏ జావా ఉందన్న ప్రశ్నే ఉండేది కాదు.

మిగతా సగం మందు మర్నాడే వచ్చినంత వేగంగా వచ్చింది. ఒక యంత్రం మీద మూట విప్పడం డాకర్‌కు తెలుసు; వంద యంత్రాలుంటే ఏది ఎక్కడ విప్పాలో చెప్పేవాళ్లు కావాలి. గూగుల్‌లో జో బేడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీ ఆ ఖాళీని చూశారు. బోర్గ్‌ను ఉన్నదున్నట్టు బయట పెట్టడం కుదరదు, అది గూగుల్ లోపలి పునాదులతో పెనవేసుకుపోయింది. అందుకని బోర్గ్ అనుభవంతో, బోర్గ్‌లో చేసిన తప్పులు దిద్దుకుంటూ, కొత్తగా రాశారు. స్టార్ ట్రెక్ కథల్లో బోర్గ్ జాతివాళ్లకు సొంత పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఆ జాతి నుంచి బయటపడి మనుషుల్లో కలిసిన పాత్ర 'సెవెన్ ఆఫ్ నైన్'. కొత్త వ్యవస్థకు లోపల పెట్టుకున్న ముద్దుపేరు ఆమెదే. 2014 జూన్‌లో లోకానికి చూపించేటప్పుడు మాత్రం కుబర్నెటిస్ అన్నారు. దాని గుర్తులో ఉన్న ఓడ చక్రానికి ఏడు ఆకులు మిగిలాయి, ముద్దుపేరు జ్ఞాపకంగా.

కుబర్నెటిస్ గ్రీకు మాట. చుక్కాని పట్టేవాడని అర్థం. గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్లు ఆ మనిషిని సరంగు అంటారు. 1948లో నార్బర్ట్ వీనర్ తన నియంత్రణ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆ గ్రీకు మాట నుంచే. ఈ బంధుత్వం పేరుతో ఆగిపోదు. సరంగు ఒకసారి చుక్కాని తిప్పి పడుకోడు. రేవు ఎటుందో చూస్తాడు, పడవ ఎటు పోతోందో చూస్తాడు, తేడా ఎంతుంటే అంత తిప్పుతాడు, మళ్లీ చూస్తాడు. కుబర్నెటిస్ మొత్తం ఈ ఒక్క అలవాటు మీద కట్టింది.

అదెలాగో దగ్గరగా చూద్దాం. మంజీర మీద నడిచిన బిల్లుల ప్రోగ్రామే తీసుకుందాం. 'దీని ప్రతులు మూడు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ఒక్కోదానికి అర ప్రాసెసర్ కోర్, 512 మెగాబైట్ల మెమరీ' అని ఒక చిన్న ఫైల్‌లో రాసి పంపుతాం. ఏపీఐ సర్వర్ అనే గుమాస్తా దాన్ని తప్పులు లేవని చూసుకుని ఎట్‌సీడీ అనే ఖాతా పుస్తకంలో ఎక్కిస్తాడు. ఎవరికైనా ఆ పుస్తకం చూపించేదీ, అందులో రాసేదీ ఈ గుమాస్తాయే. ఆ పుస్తకాన్ని కనిపెట్టుకుని కొందరు కంట్రోలర్లుంటారు. అందులో ఒకరు చూస్తారు: ఉండాల్సినవి మూడు, ఉన్నవి సున్నా. వెంటనే మూడు పద్దులు రాస్తారు. ఈ పద్దులను పాడ్‌లంటారు. ప్రతి పాడ్ పద్దులో 'యంత్రం' అనే గడి ఖాళీగా ఉంటుంది. షెడ్యూలర్ ఖాళీ గడులున్న పాడ్‌ల కోసమే చూస్తూ ఉంటాడు. ఏరి, మార్కులు వేసి, గడి నింపేస్తాడు. అతను కూడా ఆ యంత్రానికి కబురు పెట్టడు. ప్రతి యంత్రం మీదా క్యూబ్‌లెట్ అనే కాపలాదారు ఉంటాడు. తన యంత్రం పేరున్న కొత్త పద్దు కనబడగానే, కంటైనర్ మూట తెప్పించి విప్పి నడిపి, 'నడుస్తోంది' అని పుస్తకంలో రాస్తాడు.

ఇందులో ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. అందరూ ఒకే పుస్తకం చూస్తున్నారు, ఉండాల్సినదానికీ ఉన్నదానికీ తేడా కనబడితే తమ వంతు పూడుస్తున్నారు. ఆజ్ఞల మీద నడిచే వ్యవస్థలో ఒక కబురు దారిలో పోతే పని పోతుంది. ఇక్కడ కంట్రోలర్ కాసేపు పడిపోయి లేచినా ఫర్వాలేదు, లేచాక పుస్తకం చూస్తే తేడా అక్కడే ఉంటుంది. ఇంజనీరింగ్‌లో నేను చూసిన గొప్ప ఆలోచనల్లో ఇదొకటి. జరిగిన చరిత్రంతా గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా, ఇప్పటి తేడా ఒక్కటే చూసి సరిదిద్దుకోవడం.

ఆ పుస్తకమే పోతే? అందుకే దానికి మూడో ఐదో ప్రతులు వేర్వేరు యంత్రాల మీద ఉంటాయి. వాటి మధ్య ఏకాభిప్రాయం ఎలా అన్నది కంప్యూటర్ శాస్త్రంలో పాత చిక్కు. బోర్గ్ దానికి లెస్లీ లాంపోర్ట్ కనిపెట్టిన పాక్సోస్ పద్ధతి వాడింది. ఎట్‌సీడీ 2014లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డియేగో ఓంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ ప్రచురించిన రాఫ్ట్ పద్ధతి వాడుతుంది. సారం మెజారిటీ. ఐదింటిలో మూడు సరేనంటేనే పద్దు ఖాయం, కాబట్టి ఏ రెండు పోయినా పుస్తకం చెక్కుచెదరదు.

ఇక యంత్రం చనిపోయే సంగతి. క్యూబ్‌లెట్ 10 సెకన్లకోసారి తను బతికే ఉన్నానని పుస్తకంలో సంతకం పెడుతూ ఉంటాడు. సంతకం ఆగి సుమారు 40, 50 సెకన్లయితే ఆ యంత్రం మీద అనుమానపు గుర్తు పడుతుంది. అయినా పాడ్‌లను వెంటనే వదులుకోరు. మామూలుగా మరో ఐదు నిమిషాలు ఆగుతారు. ఈ ఓపిక నాకు మొదట్లో అర్థం కాలేదు. దూరంనుంచి చూసేవాడికి చచ్చిపోయిన యంత్రమూ, కేబుల్ ఊడి మాట వినబడని యంత్రమూ ఒకేలా కనబడతాయి. నెట్‌వర్క్ అరనిమిషం తడబడినప్పుడల్లా పనులన్నీ మరో చోటికి తోలితే, ఆ తాకిడికి బాగున్న యంత్రాలు కూడా కుంగుతాయి. ఐదు నిమిషాలు దాటాక పాత పాడ్‌లను లెక్కలోంచి తీసేస్తారు. ఉండాల్సినవి మూడు, ఉన్నవి రెండు. మళ్లీ పద్దు, మళ్లీ ఖాళీ గడి, మళ్లీ షెడ్యూలర్. పాడ్ ఒక చోటునుంచి ఇంకో చోటుకి కదలదు. పాతది పోయింది, కొత్తది పుట్టింది, అంతే.

డేటాబేస్‌ల దగ్గర మాత్రం ఈ నిర్మోహం పనిచేయదు. డేటాబేస్‌కు తన డిస్కు కావాలి, తన పేరు కావాలి. ఈ రంగంలో సర్వర్లను పెంపుడు కుక్కల్లా కాకుండా మందలో పశువుల్లా చూడాలని ఒక నానుడి ఉంది, పేరు పెట్టి ముద్దు చేయొద్దని దాని భావం. మన పల్లెల్లో మందలో ఉన్న ఆవుకు కూడా పేరుంటుంది కాబట్టి ఆ పోలిక నాకెప్పుడూ అతకలేదు. కుబర్నెటిస్ కూడా చివరికి కొందరికి పేరివ్వక తప్పలేదు. 2016లో అలాంటి పాడ్‌ల కోసం పెట్‌సెట్ అనే ఏర్పాటు తెచ్చి, ఆ ఏడాది చివరికే దాన్ని స్టేట్‌ఫుల్‌సెట్ అని మార్చారు. అందులో పాడ్ పోయి కొత్తది పుట్టినా పాత పేరు, పాత డిస్కు దానికే దక్కుతాయి.

2015 జూలైలో కుబర్నెటిస్ 1.0 వెలువడింది. అదే సమయంలో గూగుల్ దాన్ని తన చేతిలోంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో కొత్తగా పెట్టిన సంస్థకు అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది సెప్టెంబరులో హాషికార్ప్ సంస్థ నోమాడ్ అనే మరో దారి చూపింది. ఒకే ఒక ఫైల్‌గా వచ్చి, కంటైనర్లతోపాటు మూట కట్టని పాత ప్రోగ్రామ్‌లనూ నడిపే తేలికపాటి సరంగు అది. 2020లో నోమాడ్ 20 లక్షల కంటైనర్లను ఆరువేలకు పైగా యంత్రాల మీద 22 నిమిషాల్లో లేపి చూపించింది. చిన్న బృందాలకు ఇప్పటికీ అదే సుఖమని నా అభిప్రాయం. కుబర్నెటిస్ నేర్చుకోవడం కష్టం, నడపడం ఇంకా కష్టం.

ఇలాంటి వ్యవస్థలను నడపడం ఎంత కష్టమో 2019 జూన్ 2న గూగుల్‌కే తెలిసింది. గూగుల్ డేటా సెంటర్లలో మరమ్మతు పనులను చూసుకునే స్వయంచాలక వ్యవస్థ ఒక చోట యంత్రాల మీది పనులను మామూలుగా ఆపబోయింది. నెట్‌వర్క్‌ను నడిపించే పనులను కూడా ఆపదగినవాటిగా ఎవరో గుర్తించి ఉంచారు. పైగా ఒక లోపం వల్ల ఆ వ్యవస్థ వేర్వేరు ఊళ్లలో ఉన్న సమూహాలను ఒకేసారి ఆపగలిగింది. ఆపేసింది. అమెరికాలో యూట్యూబ్, జీమెయిల్ వంటివి గంటల తరబడి తడబడ్డాయి. బాగుచేద్దామంటే ఇంజనీర్లు వాడే పనిముట్లు కూడా ఆ ఇరుకైపోయిన నెట్‌వర్క్ మీదే నడవాలి. మంజీర పోయిన రాత్రి నా పొరపాట్లు ఒక్క సర్వర్ దాటి పోలేదు. ఇలాంటి సరంగు చేతిలో ఒక తప్పు గీత వేల యంత్రాలకు అదే శ్రద్ధతో, అదే వేగంతో చేరుతుంది. అందుకే ఇప్పుడు ఏ మార్పునైనా ముందు కొద్ది యంత్రాల మీద చూసి, కాసేపు ఆగి, తర్వాత మిగతావాటికి పంపడమే నాకు ఉద్యోగంలో సగం పని.

మొన్నొక రోజు పొద్దున కాఫీ తాగుతూ మా కుబర్నెటిస్ యంత్రాల చిట్టా తిరగేస్తున్నాను. రాత్రి 2 గంటల 14 నిమిషాలకు ఒక యంత్రం సంతకం ఆగింది. 2 గంటల 20 నిమిషాలకు దాని మీదున్న పదకొండు పాడ్‌లు మరో మూడు యంత్రాల మీద లేచాయి. అందులో రెండు బిల్లులు తీసేవి. ఎవరి ఫోనూ మోగలేదు. ఆ యంత్రం ఏదా అని చూశాను. పేరుండాల్సిన చోట ఐపీ అడ్రస్ ఉంది, అన్నీ అంకెలే. రెండుసార్లు చదివాను, ఇప్పుడు గుర్తులేదు.